పాత ఇంటి రిపేరుకి ముగ్గురు మూడు రేట్లు చెప్పారు: ఏడున్నర, పదహారు, ఇరవై రెండు లక్షలు. ఏది నమ్మాలి?

గోదారిగట్టు_కిరణ్
రాజమండ్రిలో మా ఇల్లు 1994లో నాన్న కట్టించింది. మొత్తం 1150 చదరపు అడుగులు. రెండు పడకగదులు, హాలు, వంటగది, చిన్న పూజగది, ముందు వరండా, రెండు బాత్రూములు. పైన డాబా, ఇంకేమీ లేదు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది, నేను హైదరాబాదులో. పోయిన వానాకాలం హాల్లో శ్లాబు పెచ్చు ఊడి సోఫా మీద పడింది. ఆ టైముకి అమ్మ వంటింట్లో ఉంది కాబట్టి సరిపోయింది. ఇక వాయిదా వెయ్యకూడదని కరెంటు, పైపులు, బాత్రూములు, రంగులు అన్నీ ఒకేసారి చేయిద్దామనుకున్నాను. నా దగ్గర ఉన్నది 12 లక్షలు.

ముగ్గురిని పిలిచాను. మాకు తెలిసిన తాపీ మేస్త్రి ఇల్లంతా పావుగంట తిరిగి "ఏడున్నరకి గుత్తకి చేసేస్తాను బాబూ" అన్నాడు, కాగితం లేదు. ఒక కాంట్రాక్టర్ అడుక్కి 1400 చొప్పున 16 లక్షల 10 వేలు, జీఎస్టీ వేరే అన్నాడు. ఒక ఇంటీరియర్ కంపెనీ వాళ్ళు 22 లక్షలు అని త్రీడీ బొమ్మలతో సహా పంపారు. ఒకే ఇంటికి ఇంత తేడా ఏమిటి? మేస్త్రికి ఇచ్చేద్దామా అంటే భయం, కంపెనీకి ఇద్దామా అంటే డబ్బు లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

పన్నెండు_ఎంఎం
ముగ్గురూ చెప్పింది ఒకే పనికి కాదు కిరణ్ గారూ, అందుకే ఆ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడటం కుదరదు. మేస్త్రి మనసులో ఉన్నది పెచ్చులు కొట్టి మాలు వేయడం, బాత్రూం టైల్స్, రంగులు. వైరింగ్ మార్చడం అందులో ఉందా అని అడిగితే "అది ఎలక్ట్రీషియన్ పని కదా బాబూ" అంటాడు. కంపెనీ వాళ్ళ 22లో సగం ప్లైవుడ్డూ ఫాల్స్ సీలింగూ అయి ఉంటాయి. మీకు కావలసిన శ్లాబు మరమ్మతు అందులో ఒక లైనైనా ఉందో లేదో చూడండి.

అడుక్కి ఇంత అనే లెక్క కొత్త ఇంటికి కొంతవరకు నడుస్తుంది, పునాది నుంచి రంగు దాకా ఏమేం వస్తాయో అందరికీ తెలుసు కాబట్టి. రిపేరులో ఒక గదికి రంగు తప్ప ఏమీ ఉండదు, దాని పక్కన 5 బై 8 బాత్రూంలో లక్షన్నర పోతుంది. ఇంటి వైశాల్యానికీ ఆ ఖర్చుకీ ఏం సంబంధం?

ముందు ఒక నోటుబుక్కు తీసుకుని గది గదికీ తిరిగి నేల, గోడలు, పైకప్పు, తలుపులు కిటికీలు, కరెంటు, నీళ్ళు అని రాయండి. ప్రతిదానికీ టేపు పెట్టి కొలత వేయండి. ఆ జాబితా జిరాక్స్ తీసి ముగ్గురికీ ఇచ్చి, దాని మీదే ఒక్కో పనికి రేటు రాయమనండి. అప్పుడు తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

డాలస్_రవి
జీఎస్టీ వేరే అన్నాడుగా, అది చూడన్నా. 18 శాతం అంటే 16.1 మీద ఇంకో 2.9. అది 16 కాదు, 19.

గోదారిగట్టు_కిరణ్
అయ్యో, ఆ లెక్క నేను వేసుకోనేలేదు రవీ. మరి జీఎస్టీ తగ్గించారు కదా, సిమెంట్ అదీ?

పన్నెండు_ఎంఎం
సిమెంట్ మీద తగ్గింది నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. కానీ మీ ఇంటి పనికి 120 బస్తాలు మించవు. బస్తాకి పాతిక ముప్పై తగ్గినా మీకు మిగిలేది మూడు, మూడున్నర వేలు. కాంట్రాక్టర్ మొత్తం పని మీద వేసే 18 మాత్రం అలాగే ఉంది. రిపేరులో డబ్బంతా కూలీకీ, ఫిట్టింగులకీ, తెరిచాక బయటపడే వాటికీ పోతుంది, సిమెంట్ రేటు చూసి ఆశపడకండి.

వైజాగ్_పద్మ
పెచ్చు ఊడిందన్నారు, మిగతా పనుల లెక్క పక్కన పెట్టి ముందు అది చూడండి. మాది సముద్రానికి కిలోమీటరు లోపే, ఉప్పుగాలి. 2019లో పడకగదిలో ఇలాగే ఊడితే మేస్త్రి వచ్చి ఆ ఒక్క చోట కొట్టి మాలు మెత్తి, 18 వేలు తీసుకుని వెళ్ళిపోయాడు. చూడ్డానికి చక్కగా ఉంది. రెండేళ్ళు తిరక్కుండా అదే చోట అంతకంటే పెద్ద ముక్క పడింది. తర్వాత ఇంజనీరుని పిలిస్తే ఆయన చిన్న సుత్తి పెట్టి శ్లాబంతా తట్టుకుంటూ పోయాడు. డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా సుద్దతో గీత గీశాడు. మేము ఒక్క చోట అనుకున్నది ఐదు చోట్ల ఉంది.

ఆ 240 అడుగుల గదికి వదులైన కాంక్రీటంతా కొట్టేసి, లోపలి ఇనుప ఊచల్ని వైరు బ్రష్‌తో గీకి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ మాలుతో పూడ్చి, పైన డాబాకి వాటర్ ప్రూఫింగ్ చేసేసరికి లక్షా పదివేలు అయింది. మొదటిసారే చేయించి ఉంటే ఆ 18 వేలు మిగిలేవి, ఆ రెండేళ్ళ భయం తప్పేది. పిల్లలు ఆ గదిలోనే పడుకునేవాళ్ళు.

పన్నెండు_ఎంఎం
పద్మ గారు చెప్పింది వంద శాతం నిజం. ఊచ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కింద ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది. శ్లాబు అడుగున ఊచని కప్పి ఉండే కాంక్రీటు పొర, అదే కవరు, 20 ఎంఎం కూడా ఉండదు పాత ఇళ్ళలో. తుప్పు గీకకుండా మాలు మెత్తితే లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అసలు నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూడాలి. డాబా మీద వాటం సరిగా ఉందా, తూము దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయా, పిట్టగోడ అడుగున పగులు ఉందా. పైన ఆపకుండా కింద ఎంత పూసినా దండగే.

వరంగల్_లత
నేనొకటి చెప్తా. మేము ఒప్పందం రాసుకునే ముందే ఇద్దరు మనుషుల్ని రెండు రోజులు కూలీకి పెట్టుకుని మూడు చోట్ల తెరిపించి చూసినం. బాత్రూం మూల ఒకటి, కరెంటు బోర్డు వెనక ఒకటి, వంటింటి సింకు కింద ఒకటి. నాలుగు కూలీలు, 3600 అయింది. పాత జీఐ (ఇనుప) పైపు వేలు పెట్టి నొక్కితే పొడి పొడిగా రాలింది. వైర్లకు తొడుగు ఎండిపోయి పెళుసుగా విరిగిపోతున్నది. అవన్నీ చూపించి రేటు అడిగితే ఎవ్వరూ తర్వాత "ఇది మేము అనుకోలేదు మేడం" అనలేకపోయిన్రు. గిలాబు (ప్లాస్టరింగ్) వెనక ఏమున్నదో చూడకుండా చెప్పే రేటుకి విలువ లేదు.

కోటిపల్లి_బస్టాండ్
లత గారి మాట మంచిది. కిరణ్ గారూ మాదీ రాజమండ్రే. ఇసుక గురించి ఒక మాట. ప్రభుత్వం ఉచితం అంది కదా అని నేను నా ఎస్టిమేట్‌లో ఇసుక దగ్గర సున్నా వేశాను, పెద్ద పొరపాటు. 2024 జులై నుంచి ఇసుకకి డబ్బు లేదు గానీ లోడింగూ బాడుగా మనమే పెట్టుకోవాలి. గోదావరి పక్కనే ఉన్నా ట్రాక్టర్ ఊరికే రాదు కదా. సందులోకి ట్రాక్టర్ రాకపోతే వీధి చివర పోసి తట్టలతో మోయించాలి, ఆ కూలీ వేరే. మీ వీధిలోకి ట్రాక్టర్ తిరుగుతుందా?

గోదారిగట్టు_కిరణ్
ఆటో ట్రక్కు వస్తుంది, ట్రాక్టర్ రాదు. ఇది కూడా రాసుకున్నాను. రాసుకునే కొద్దీ జాబితా పెరుగుతోంది.

శారద_టీచర్
పెరగనివ్వండి నాయనా, పని మొదలుపెట్టాక పెరిగే కంటే ఇప్పుడు కాగితం మీద పెరగడమే మంచిది.

మాది ఏలూరు, మూడేళ్ళ క్రితం చేయించాం. మావారికి ఓపిక లేక లెక్కలన్నీ నేనే రాశాను, రోజూ సాయంత్రం మేస్త్రి వెళ్ళగానే ఆరోజు ఖర్చు, ఎంత మంది వచ్చారు, ఏ సరుకు దిగింది అని. అనుకున్నది 8 లక్షల 20 వేలు, అయింది 11 లక్షల 60 వేలు. ఆ 3 లక్షల 40 వేలు ఎక్కడ పెరిగాయో తర్వాత కూర్చుని లెక్క తీశాను. గోడ తెరిచాక బయటపడినవి 90 వేలు. ముందు రాయడం మర్చిపోయినవి లక్షా ఐదు వేలు: తలుపుల గడియలు, కీళ్ళు, సబ్బు పెట్టెలు, అద్దాలు, కర్టెను కడ్డీలు, ఫ్యాన్లు, మట్టి ఎత్తివేత, కొత్త మోటారు, మనుషులకి టీ టిఫిన్లు. మిగతా లక్షా 45 వేలు మేము మధ్యలో మనసు మార్చుకున్నవి! టైల్స్ కొట్లోకి వెళ్ళాక ఇంకొంచెం మంచివి తీసుకుందాం అనడం, వేసిన అరుగు నచ్చక కొట్టించడం, మా ఆడపడుచు ఇంట్లో చూసిన షెల్ఫ్ మనకీ పెట్టిద్దాం అనడం. మేస్త్రిని తిట్టుకున్నాం గానీ అన్నిటికంటే పెద్ద ముక్క మాదే.

అందుకని నా సలహా, టైల్స్, కుళాయిలు, స్విచ్చులు, రంగు ఏది ఎంతలో కావాలో ముందే కొట్టుకి వెళ్ళి చూసి, నంబరూ రేటూ రాసుకుని, ఆ తర్వాతే గోడ మీద సుత్తి పడనివ్వండి.

వైజాగ్_పద్మ
టీచర్ గారూ, ఈ లెక్క దాచుకుంటాను. మా అక్క వాళ్ళు వచ్చే నెల మొదలుపెడుతున్నారు, వాళ్ళకి పంపిస్తాను.

టైల్స్_షాపు_నాగు
టైల్స్ విషయం నేను చెప్తాను, పన్నెండేళ్ళుగా ఇదే పని. 2 బై 2 టైలు అంటారు గానీ అది 600 ఎంఎం, రెండు అడుగులకి కొంచెం తక్కువ. నాలుగు ఉండే బాక్సు 16 అడుగులు వస్తుందని అందరూ లెక్క వేస్తారు, వచ్చేది 15.5. కిరణ్ అన్నా, మీ నేల ఎంత?

గోదారిగట్టు_కిరణ్
బాత్రూములు కాకుండా గదులన్నీ కలిపి 700 అడుగులు. గోడల అంచులు కొలిస్తే 190 అడుగులు వచ్చింది.

టైల్స్_షాపు_నాగు
అంచుకి నాలుగంగుళాల స్కర్టింగ్, అంటే గోడ అడుగున టైలు పట్టీ, వేస్తే 63 చదరపు అడుగులు. మొత్తం 763. కోతలకీ పగుళ్ళకీ 8 శాతం కలిపితే 824. బాక్సుకి 16 లెక్కన 52 బాక్సులు అంటారు, నిజానికి 54 కావాలి. ఆ రెండు బాక్సుల కోసం నెల తర్వాత మళ్ళీ వస్తే అదే డిజైను దొరుకుతుంది గానీ అదే బ్యాచ్ దొరకదు. సరుకంతా చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది, బ్యాచ్ మారితే రంగులో తేడా వస్తుంది, హాలు మధ్యలో అతుకు వేసినట్టు కనిపిస్తుంది. బాక్సు మీద బ్యాచ్, షేడ్ నంబర్లు అన్నీ ఒకటే ఉన్నాయా చూసుకుని దింపించుకోండి. పగలని బాక్సులు వెనక్కి తీసుకుంటారా అని కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోండి.

కోటిపల్లి_బస్టాండ్
ఇంతకీ ఇప్పుడున్న నేల ఏమిటి కిరణ్ గారూ?

గోదారిగట్టు_కిరణ్
బేతంచెర్ల నాపరాళ్ళు. ఒకటి రెండు చోట్ల సందులు తెరుచుకున్నాయి అంతే.

కోటిపల్లి_బస్టాండ్
మరి వాటిని ఎందుకు తీస్తారు? నాపరాయి ముప్పై ఏళ్ళు కాదు, అరవై ఏళ్ళు ఉంటుంది. సందులు నింపించి పాలిష్ పట్టిస్తే మా ఇంట్లో అడుక్కి 40 అయింది. ఎండాకాలం రాజమండ్రిలో ఆ రాళ్ళ మీద ఒట్టికాళ్ళతో నడిస్తే ఉండే హాయి మీకు చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళున్న ఇంట్లో నున్నటి టైలు మీద తడి కాలు జారితే అదొక పెద్ద భయం.

టైల్స్_షాపు_నాగు
టైల్స్ అమ్మేవాణ్ణే అయినా దీనికి ఒప్పుకుంటాను. అమ్మగారు ఒక్కరే ఉంటారంటున్నారు, బాత్రూముల్లో మాత్రం జారని రకం వేయించండి.

పెయింటర్_గారబ్బాయి
మా నాన్న నలభై ఏళ్ళుగా రంగులు వేస్తున్నాడు, రంగుల లెక్క నేను చెప్తాను. మామూలుగా నేల వైశాల్యానికి మూడున్నర రెట్లు గోడలూ పైకప్పూ కలిపి వస్తాయి, అది నోటి లెక్కకి పనికొస్తుంది. కానీ డబ్బు ఇచ్చేది కొలత మీద. తలుపులూ కిటికీలూ తీసేసి కొలుస్తారా, తీయకుండానా అనేది ముందే మాట్లాడుకోండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి. రేటు తక్కువ చెప్పి కిటికీలు కూడా కలిపి కొలిచేవాళ్ళున్నారు, అలాగే ఇంటివాళ్ళు బీరువా వెనక గోడని కూడా తీసేయమనడం చూశాను.

ఇంకొకటి, లప్పం ఎన్ని కోట్లు, ప్రైమర్ ఉందా, రంగు రెండు కోట్లా మూడు కోట్లా, ఏ కంపెనీలో ఏ రకం, ఇవి లేకుండా "అడుక్కి 22" అంటే దానికి అర్థం లేదు. చెమ్మ ఉన్న గోడకి లప్పం పెట్టించకండి. గోడ ఆరనివ్వాలి. తొందరపడి పండక్కి అవ్వాలంటే సంవత్సరంలోనే పొట్టు లేస్తుంది, తిట్లు మా నాన్నకి పడతాయి.

పన్నెండు_ఎంఎం
కొలతకి ఐఎస్ 1200 అని ప్రమాణం ఉంది. అర చదరపు మీటరు దాకా ఉన్న ఖాళీని తీయరు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా, అంటే మామూలు తలుపూ కిటికీ అన్నీ ఇందులోనే వస్తాయి, గోడకి ఒక పక్క మాత్రమే తీస్తారు. రెండో పక్కది తీయకపోవడానికి కారణం అంచుల పని ఉంటుంది కదా, దానికి సరిపోతుందని. "ఐఎస్ 1200 ప్రకారం కొలత" అని ఒక్క ముక్క ఒప్పందంలో రాస్తే ప్లాస్టరింగుకీ రంగుకీ వాదన ఉండదు.

కూకట్‌పల్లి_301
అపార్ట్‌మెంట్ వాళ్ళెవరైనా చదువుతుంటే ఇవి కూడా కలుపుకోండి. మా దగ్గర అసోసియేషన్ 25 వేలు డిపాజిట్ కట్టమంది, లిఫ్టులో సామాను మధ్యాహ్నం పూట మాత్రమే, డ్రిల్లింగ్ సాయంత్రం ఐదు తర్వాత కుదరదు. అంటే మనిషికి రోజంతా కూలీ ఇచ్చి ఆరు గంటల పని చేయించుకున్నట్టే. కొట్టిన మట్టి ఎక్కడబడితే అక్కడ పోయకూడదు, హైదరాబాదులో జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఆ వ్యర్థాలకి ప్లాంట్లున్నాయి, బండి మాట్లాడుకుని అక్కడికి పంపాలి. రెండు బాత్రూములూ వంటగదీ కొడితే మాకు నాలుగు ట్రిప్పులైంది.

గోదారిగట్టు_కిరణ్
ఇప్పుడు అసలు ప్రశ్న. గుత్తకి ఇవ్వాలా, రోజు కూలీకి పెట్టుకోవాలా? నేను అక్కడ ఉండను, శని ఆదివారాలు వెళ్ళగలను అంతే.

కోటిపల్లి_బస్టాండ్
మీరు ఉండరు కాబట్టి గుత్తే. రోజు కూలీకి పెడితే ఎనిమిది రోజుల పని పదిహేను రోజులవుతుంది.

వరంగల్_లత
నేను ఒప్పుకోను. గుత్తకి ఇస్తే తొందర తొందరగా కప్పేసి పోతరు. మా చిన్నాయన ఇంట్ల బాత్రూం గుత్తకి ఇస్తే వాటర్ ప్రూఫింగ్ పూత వేసిన రోజే టైల్స్ వేసిన్రు, కింద గదిల ఆర్నెల్లకే చెమ్మ. పూత ఆరేదాకా వాళ్ళు ఖాళీగ కూర్చోలేరు కదా, గుత్త కాబట్టి.

కోటిపల్లి_బస్టాండ్
అది గుత్త తప్పు కాదండీ, చూసే మనిషి లేకపోవడం. కూలీకి పెట్టినా చూసేవాళ్ళు లేకపోతే అదే జరుగుతుంది.

పన్నెండు_ఎంఎం
ఇద్దరి మాటా నిజమే, పనిని బట్టి వేరు చేయండి. కొలవగలిగినవి, అంటే టైల్స్, ప్లాస్టరింగ్, రంగులు, వీటిని అడుగు లెక్కన లేబర్ కాంట్రాక్టుకి ఇవ్వండి, సరుకు మీరు కొనండి. వైరింగ్ పాయింటుకి ఇంత అని. శ్లాబు పెచ్చులు కొట్టే పని ఎంతుందో తెరిస్తే గానీ తెలియదు, దాన్ని మాత్రం రోజు కూలీకి, మీరు లేదా మీ మనిషి దగ్గరుండగా. దాన్ని గుత్తకి ఇస్తే డొల్లగా ఉన్న చోట కూడా "ఇది గట్టిగానే ఉంది సార్" అంటారు.

బాత్రూంకి ఒక షరతు రాయండి. వాటర్ ప్రూఫింగ్ అయ్యాక తూము మూసి 48 గంటలు నీళ్ళు నిలబెట్టాలి, గోడల అడుగున బయటివైపు చెమ్మ లేదని చూశాకే టైల్స్. ఆ రెండు రోజుల కూలీ ఇస్తానని మీరే ముందు చెప్పండి, వాళ్ళకీ నష్టం ఉండకూడదు.

డాలస్_రవి
నేను ఇక్కడి నుంచే గుంటూరులో అమ్మానాన్నల ఇల్లు చేయించాను, పెద్దమ్మ కొడుకు చూసుకున్నాడు. ఒకటి బాగా పనికొచ్చింది. గోడకి గాడులు కొట్టి పైపులూ వైర్లూ పెట్టాక, కప్పేసే ముందు ప్రతి గోడకీ టేపు పట్టుకుని ఫోటోలు తీయించాను, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అని. తర్వాత గీజరు బిగించేటప్పుడు డ్రిల్లు ఎక్కడ పెట్టాలో ఆ ఫోటో చూసి చెప్పాను. నేను చేసిన పొరపాటు డబ్బులో. సగం అడ్వాన్సు ఇచ్చేశాను. ఆ మనిషి ఇంకో పని ఒప్పుకుని మూడు వారాలు కనపడలేదు. నాన్న రోజూ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడట. అది విన్నప్పుడు నాకు చాలా బాధేసింది.

శారద_టీచర్
అడ్వాన్సు పదో వంతు మించి ఇవ్వకండి. పని దశలుగా విడగొట్టి, అయిన దానికి అయినంత. చివరి పదో వంతు మాత్రం ఒక నెల వాడి చూశాక ఇస్తానని ముందే చెప్పి, మాట ప్రకారం ఇచ్చేయండి. ఇవ్వాల్సిన రోజు ఇవ్వకుండా తిప్పించుకునే ఇళ్ళకి మంచి మేస్త్రి రెండోసారి రాడు.

లెక్కల_మూర్తి
12 లక్షలూ మీ సొమ్మేనా, లోనా? లోను అయితే ఒక సంగతి. ఇంటి రిపేరు లోను మీద వడ్డీకి సొంతంగా ఉంటున్న ఇంటికి ఏడాదికి 30 వేల వరకే మినహాయింపు, అదీ పాత పన్ను విధానంలోనే. కొనుక్కున్నప్పుడో కట్టుకున్నప్పుడో వచ్చే 2 లక్షల పరిమితి దీనికి రాదు. ఇల్లు అమ్మగారి పేరు మీద ఉండి లోను మీ ఒక్కరి పేరు మీద ఉంటే ఆ 30 వేలు కూడా మీకు రాదు. పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే ఇది గుర్తుపెట్టుకోండి.

గోదారిగట్టు_కిరణ్
8 నా సేవింగ్స్, 4 లోను అనుకున్నాను. ఇల్లు అమ్మ పేరు మీదే. చాలా థాంక్స్ మూర్తి గారూ, ఆ మినహాయింపు వస్తుందనుకుని లెక్కలో వేసేసుకున్నాను.

ఇంకో సంగతి. మా పిన్ని వచ్చి వంటగది ఆగ్నేయానికి మార్చమంటోంది. అమ్మకీ మనసులో ఉంది. దానికెంత?

పన్నెండు_ఎంఎం
వంటగది మారిస్తే కొత్త గట్టు, నీళ్ళ పైపు, సింకు నీళ్ళు బయటికి పోయే దారి, ఎగ్జాస్ట్ రంధ్రం, గ్యాసు బండ చోటు, పాయింట్లు అన్నీ మారతాయి. 80 వేలకి తగ్గదు, అదీ బయట డ్రైనేజీ దగ్గరలో ఉంటే.

శారద_టీచర్
అమ్మగారిని కూర్చోబెట్టి అడగండి. మా ఇంట్లో ఇదే వస్తే, ఉన్న వంటింట్లోనే గట్టుని ఆగ్నేయం మూలకి తిప్పి, తూర్పు ముఖంగా నిలబడి వండేట్టు పొయ్యి పెట్టించాం. ఎలాగూ గట్టు కొత్తది వేస్తున్నాం కాబట్టి అదనంగా ఏమీ కాలేదు. మీ అమ్మగారికి తృప్తి ఉండాలి, ఉండేది ఆవిడే.

వైజాగ్_పద్మ
కరెంటు దగ్గర మాత్రం తగ్గకండి. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీ గీజర్లకి 4 స్క్వేర్ ఎంఎం వైరు, ప్రతి ప్లగ్గుకీ ఎర్తు, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు. పాత ఇళ్ళలో ఎర్తు పేరుకే ఉంటుంది. రంగు వచ్చే ఏడాది వేసుకోవచ్చు, ఇది వాయిదా వేయకూడదు.

గోదారిగట్టు_కిరణ్
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రెండు శనివారాలు రాజమండ్రి వెళ్ళి కోటిపల్లి గారితో కలిసి టేపు పట్టుకుని అన్నీ కొలిచాం. లత గారు చెప్పినట్టు నాలుగు చోట్ల తెరిపించాను. హాల్లో రెండు చోట్ల, వరండాలో ఒక చోట ఊచ తుప్పు, మిగతా శ్లాబు గట్టిగా మోగింది. పైపులు మాత్రం మొత్తం పోయాయి.

ఆరు పేజీల జాబితా ఇస్తే, ఏడున్నర అన్న మేస్త్రి చదివించుకుని విని, "ఇదంతా అయితే నావల్ల కాదు బాబూ, తాపీ పని వరకూ చేస్తాను" అని నిజాయితీగా చెప్పాడు, ఆ పని ఆయనకే ఇస్తున్నాను. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ వేరు. మొదట వేసిన లెక్క 11 లక్షల 48 వేలు వచ్చింది. దాని మీద ఊహించని ఖర్చులకి ఏమైనా కలిపితే 12 దాటిపోతోంది. అమ్మతో కూర్చున్నాను. నాపరాళ్ళు తీస్తానంటే మొదటి నుంచీ ఆమెకి ఇష్టం లేదట, నేను బాధపడతానని చెప్పలేదట! అవి ఉంచి పాలిష్ పట్టిస్తే నేల ఖర్చు లక్షా పాతిక నుంచి 30 వేలకి దిగింది. వంటింట్లో గట్టూ లోపలి అరలూ ఇప్పుడు, బయటి తలుపులు వచ్చే ఏడాది, అక్కడ 75 వేలు తగ్గింది.

ఇప్పుడు లక్షల్లో చెప్తే వైరింగ్ 1.35, బాత్రూములు రెండూ పైపులతో సహా 2.95, శ్లాబూ డాబా 1.45, వంటిల్లు 0.95, లోపలా బయటా రంగులు 1.60, తలుపులు కిటికీల మరమ్మతు, దోమల జాలీలు 0.60, నేల పాలిష్ 0.30, మట్టి ఎత్తివేత, మోత కూలీ, బాడుగలు 0.30. అమ్మకి పక్క వీధిలో రెండు నెలలు అద్దె ఇల్లు, సామాను మార్చడం కలిపి 0.28. అంతా 9 లక్షల 78 వేలు. దాని మీద 20 శాతం, 1 లక్షా 95 వేలు వేరే ఖాతాలో పెట్టాను. 11 లక్షల 73 వేలు.

పన్నెండు_ఎంఎం
ముప్పై ఏళ్ళ ఇంటికి 20 శాతం సరైనది, కొత్త టైల్స్ చూసినప్పుడు ఆ ఖాతా ముట్టుకోకండి. ఎప్పుడు మొదలు?

గోదారిగట్టు_కిరణ్
సంక్రాంతి అయ్యాక. పండక్కి మేస్త్రీలందరూ ఊళ్ళకి వెళ్తారట, మధ్యలో ఆగే కంటే తర్వాత మొదలుపెట్టడమే నయమన్నారు. వానలొచ్చే లోపు డాబా అయిపోవాలి. ముందు శ్లాబు, తర్వాత పైపులూ వైర్లూ, బాత్రూములు, చివర రంగు.

పెయింటర్_గారబ్బాయి
నేల పాలిష్ రంగు కంటే ముందే పట్టించండి. ఆ నీళ్ళ బురద గోడల మీద చిమ్ముతుంది.

గోదారిగట్టు_కిరణ్
రాసుకున్నాను. నాకు మిగిలిన టెన్షన్ ఒక్కటే, ఆ 48 గంటల నీళ్ళ పరీక్ష వారం మధ్యలో వస్తుంది, సెలవు దొరకదు.

కోటిపల్లి_బస్టాండ్
ఎందుకు టెన్షన్? రెండో రోజు సాయంత్రం నేను వెళ్ళి చూసి గోడల ఫోటోలు ఇక్కడే పెడతాను. అమ్మగారికి నేను వస్తానని చెప్పి ఉంచండి చాలు.

గోదారిగట్టు_కిరణ్
చెప్పాను. కాఫీ తాగుతారా, టీనా అని అడుగుతోంది.

కోటిపల్లి_బస్టాండ్
కాఫీ. పంచదార తక్కువ.